మా పిల్ల అలాంటిది కాదండీ!

మనిషి మెదడును వెన్నలో వేయించుకు తింటే సర్దుకుపోవచ్చు గానీ, అలా తిన్నవాడు మన పిల్లతో కాపురం పెడితే మాత్రం ఊరుకునేది లేదు. 1999 జూన్‌లో థ్రిల్లర్ పాఠక మహాజనం ఇంచుమించు ఏకగ్రీవంగా చేసిన తీర్మానం ఇది. సందర్భం, థామస్ హారిస్ గారి ‘హానిబాల్’ నవల విడుదల. పుస్తకం వచ్చి పాతికేళ్లు దాటింది కాబట్టి ముగింపు చెప్పేస్తున్నాను. ఇంకా చదువుదామని బీరువాలో దాచుకున్నవాళ్లుంటే, వాళ్లు ఇక చదవరు. భయం లేదు.

కథ తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. డాక్టర్ హానిబాల్ లెక్టర్ బాల్టిమోర్‌లో పేరున్న మానసిక వైద్యుడు. సంగీతం తెలుసు, సాహిత్యం తెలుసు, వంటలో అందెవేసిన చెయ్యి. మనుషుల్ని చంపి తింటాడన్న ఒక్కటి మినహాయిస్తే వంక పెట్టడానికి లేదు. 1981లో వచ్చిన ‘రెడ్ డ్రాగన్’లో కటకటాల వెనక కూర్చున్న చిన్న పాత్ర. 1988లో ‘ది సైలెన్స్ ఆఫ్ ది లాంబ్స్’ వచ్చింది. ఎఫ్‌బీఐలో ఇంకా శిక్షణ కూడా పూర్తికాని క్లారిస్ స్టార్లింగ్ అనే అమ్మాయి, ఒక హంతకుణ్ణి పట్టుకోవడానికి ఈయన సాయం అడగడానికి వెళ్లి ఎదురుగా కూర్చుంది. అంతే, లోకం ఫ్లాట్. 1991లో జొనాథన్ డెమీ తీసిన సినిమా ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఈ ఐదు ఆస్కార్లూ ఊడ్చుకుపోయింది. అందులో లెక్టర్ వేషం కట్టిన ఆంథొనీ హాప్‌కిన్స్ తెర మీద అరగంట కూడా ఉండడు. ఆ కాసేపూ కూడా కదలకుండా నిలబడి మాట్లాడటమే ఎక్కువ.

ఆ కథలో పోలీసులు వెతికే దుర్మార్గుడు వేరే ఉన్నాడు. ఆడపిల్లల్ని ఎత్తుకుపోయి చర్మం ఒలిచేవాడు. వాడి పేరు చెప్పమంటే వీరాభిమానులు కూడా బుర్ర గోక్కుంటారు. లెక్టర్ పేరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కారణం ఏమిటంటే, లెక్టర్ మర్యాదస్తుడు. ఆయన తినేది మర్యాద తెలియనివాళ్లనేనట! ఈ ఒక్క మాటతో ఆయన మీదున్న హత్యకేసులన్నీ పాఠకులం కొట్టిపారేశాం. మనం ఎటూ మర్యాదస్తులమే కాబట్టి మన జోలికి రాడు. సినిమా హాల్లో ముందు సీటు మీద కాళ్లు పెట్టినవాణ్ణీ, రైల్లో రాత్రి పదకొండింటికి స్పీకర్ పెట్టి ఫోన్లో పంచాయితీలు చేసేవాణ్ణీ మనసులోనే డాక్టరుగారికి అప్పజెప్పాం. ఆయన భోంచేస్తే పుణ్యమే అనుకున్నాం.

ఇలా పదకొండేళ్లు గడిచాయి. హారిస్ తాపీగా రాసే మనిషి. ఇంటర్వ్యూలివ్వడు, సభలకు రాడు, ఎంతవరకొచ్చిందంటే చెప్పడు. ఈలోగా ప్రతి పాఠకుడూ తన బుర్రలో తర్వాతి భాగం రాసేసుకున్నాడు. అందులో క్లారిస్ పెద్ద ఆఫీసరు. ఎక్కడి నుంచో లెక్టర్ ఉత్తరం రాస్తాడు. మళ్లీ ఎదురెదురు కూర్చుంటారు, మాటకు మాట. చివర్లో చేతికి చిక్కినట్టే చిక్కి మాయమవుతాడు. ఇంకో భాగానికి సందు మిగులుతుంది. ఖర్చు లేకుండా, తప్పుల్లేకుండా, ఎవరికి నచ్చినట్టు వాళ్లు రాసుకున్న ఈ పుస్తకాలతో ఎవరు పోటీ పడతారు?

హారిస్ రాసింది ఇదీ. క్లారిస్ ఉద్యోగంలో ఏడేళ్లు చాకిరీ చేసినా పైవాళ్లు ఎదగనివ్వరు. ఒక దాడిలో కాల్పులు జరిగితే ఆమెనే బలిచ్చి చేతులు కడుక్కుంటారు. మరోపక్క, ఒకప్పుడు లెక్టర్ చేతిలో ముఖం పోగొట్టుకున్న మేసన్ వెర్జర్ అనే కోటీశ్వరుడు పగతో రగులుతుంటాడు. మాంసం వ్యాపారంలో తరతరాల డబ్బు. లెక్టర్‌ను సజీవంగా తినిపించడానికి సార్డీనియాలో పందుల్ని ప్రత్యేకంగా పెంచిస్తాడు. ఈ పందుల వ్యవహారం నాకెప్పుడూ నవ్వే తెప్పించింది. అంత డబ్బున్నవాడికి అంతకంటే సులువైన ఉపాయం దొరకలేదంటే, వాళ్ల ఇంటి అకౌంటెంటును తప్పుబట్టాలి.

నడుమ ఫ్లారెన్స్ భాగం మాత్రం నిక్కమైన సరుకు. లెక్టర్ అక్కడ మారుపేరుతో ఒక పాత గ్రంథాలయానికి అధిపతిగా సుఖంగా ఉంటాడు. పాజీ అనే పోలీసు ఇన్‌స్పెక్టర్ గుర్తుపట్టి, చట్టానికి పట్టించకుండా బహుమతి డబ్బుకు ఆశపడి మేసన్‌కు అమ్మబోతాడు. ఈ పాజీ వంశం చరిత్రలో ఉన్నదే. 1478లో మెదిచీ సోదరుల మీద కుట్ర చేసి, పాలాజ్జో వెక్కియో కిటికీలోంచి ఉరితీయించుకున్న కుటుంబం. లెక్టర్ ఈ ఇన్‌స్పెక్టర్ని అదే భవనం నుంచి, ఆ పూర్వీకుడి పద్ధతిలోనే వేలాడదీస్తాడు. అంతకు ముందు పండితులకు ఉరి మీదే ఉపన్యాసం కూడా ఇస్తాడు. ఇక్కడి దాకా చదివినవాళ్లెవరూ డబ్బు దండగైందనలేదు. సంబరపడ్డారు.

తర్వాత భోజనం. క్లారిస్‌ను ఉద్యోగంలో అడుగడుగునా తొక్కిన పాల్ క్రెండ్లర్ అనే అధికారిని లెక్టర్ పట్టుకొచ్చి బల్ల దగ్గర కట్టి కూర్చోబెడతాడు. పుర్రె పైభాగం తీసేసి ఉంటుంది. మనిషి బతికే ఉంటాడు, మాట్లాడుతూనే ఉంటాడు, అదీ బూతులు. లెక్టర్ అతని మెదడులోంచి పలచటి ముక్కలు తీసి, మసాలా కలిపిన పిండిలో అద్ది, రొట్టె పొడిలో దొర్లించి, వెన్నలో దోరగా వేయిస్తాడు. సాసులోకి నల్ల ట్రఫుల్ తురుముతాడు, నిమ్మరసం పిండుతాడు. క్లారిస్ తింటుంది. మారు వడ్డించమంటుంది కూడా. ఆదివారం అనుబంధంలో వంటల పేజీ రాసేవాళ్లు కూడా ఇంత ఓపిగ్గా రాయరు.

ఆ పైన మూడేళ్లకు, బ్యూనస్ ఐరెస్‌లోని టియాట్రో కొలోన్ ఒపేరా హాల్లో ఇద్దరూ జంటగా కనిపిస్తారు. కలిసి కాపురం ఉంటున్నారు. కథ సమాప్తం.

అప్పుడు లేచింది గోల. అచ్చం పిల్ల తరఫు బంధువుల గోల. పుర్రె కోసినప్పుడు నోరెత్తని మేనమామలు, పందుల మేతప్పుడు గుటకలు మింగుతూ చదివిన పెద్దనాన్నలు, ఒపేరా హాల్లో జంట కనబడగానే కండువా విదిలించి లేచారు. ‘మా పిల్ల అలాంటిది కాదండీ! నిప్పులాంటి పిల్ల. మేం పదకొండేళ్లుగా ఎరుగుదుం.’ ‘వాడే ఏదో మందు పెట్టి ఉంటాడు.’ నిజానికి పెట్టాడు. పుస్తకంలో పేజీలకు పేజీలు అదే, మందులూ, వశీకరణమూ. చచ్చిపోయిన తండ్రి ఎముకల్ని సమాధిలోంచి తవ్వి తెచ్చి ఆమె ముందు పరుస్తాడు కూడా. ఆ ఎముకల దగ్గరా బంధువులెవరూ ముహూర్తం అడ్డుకోలేదు.

నా దగ్గర ఈ నవల పాత కాపీ ఉంది, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది. అద్దె పుస్తకాల రోజుల నుంచి మనవాళ్లకు మార్జిన్లో తీర్పులివ్వడం అలవాటే కదా, డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే హంతకుడి పేరు రాసిపెట్టిన పరోపకారులు కూడా ఉండేవాళ్లు. ఈ కాపీని ముందు చదివిన మహానుభావుడెవరో మెదడు వేపుడు పక్కన పెన్సిల్‌తో ‘సూపర్’ అని రాశాడు. ఆఖరి అధ్యాయం పక్కన ‘ఛీ’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. రెండో గీతకు కాగితం చిరిగింది.

బంధువుల మాటలో న్యాయం లేకపోలేదు. ముందు పుస్తకంలో క్లారిస్ విలువ ఆమె ఒంటరి పట్టుదలలో ఉంది. మగాళ్లంతా ఎగాదిగా చూసే చోట, తెలివి తప్ప మరో అండ లేని పేదింటి పిల్ల. అలాంటిదాన్ని మత్తుమందిచ్చి మార్చేసి, ఇదే విముక్తి అనమంటే ఎవరికైనా కడుపు మండుతుంది. అది సరే. కానీ పదకొండేళ్లపాటు పెళ్లికొడుకును నెత్తినెక్కించుకున్నది ఎవరు? ‘ఏం మాట్లాడాడండీ! ఏం హుందాతనం!’ అని మురిసిపోయింది ఎవరు? క్లారిస్ కోసం ఒక్క అభిమాని ముసుగు తొడుక్కోలేదు. లెక్టర్ నోటికి కట్టిన మూతికట్టు మాత్రం వేషాల దుకాణాల్లో అమ్ముడుపోయింది. హారిస్ మనం ఇచ్చిన సంబంధమే ఖాయం చేశాడు.

సమీక్షకులు కూడా రెండు వర్గాలయ్యారు. మార్టిన్ అమిస్ ఉతికి ఆరేశాడు. స్టీఫెన్ కింగ్ న్యూయార్క్ టైమ్స్‌లో ఆకాశానికెత్తాడు. కింగ్ గారి ఇబ్బంది వేరు. తనకు నచ్చని ముగింపు రాసినందుకు రచయితను మంచానికి కట్టేసి, కాలు నరికి మరీ తిరగరాయించుకునే అభిమాని కథ ‘మిజరీ’ని 1987లో రాసింది ఆయనే. నిరాశపడ్డ పాఠకుల మధ్య కూర్చుని హారిస్‌ను తిట్టేంత ధైర్యం ఆయనకెక్కడిది!

సినిమావాళ్లు పిల్లవైపు నిలబడ్డారు. డెమీ మళ్లీ తీయనన్నాడు. స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ తెచ్చుకున్న టెడ్ టాలీ రాయనన్నాడు. క్లారిస్‌గా ఆస్కార్ అందుకున్న జోడీ ఫోస్టర్ వేయనంది. ఆ పాత్రకు జూలియన్ మూర్ వచ్చింది. దర్శకుడిగా వచ్చిన రిడ్లీ స్కాట్, ముగింపు మార్చుకోవచ్చా అని హారిస్‌నే అడిగాడు, ఆయన సరేనన్నాడు. 2001 ఫిబ్రవరిలో సినిమా విడుదలైంది. అందులో కాపురం లేదు. క్లారిస్ బేడీ వేస్తే లెక్టర్ తన చెయ్యే నరుక్కుని పారిపోతాడు, పిల్ల పరువు నిలిచింది. క్రెండ్లర్ మెదడు వేపుడు మాత్రం అలాగే ఉంది. అది తీసేయమని ఎవరూ అడగలేదు. అమెరికాలో మొదటి మూడు రోజుల్లోనే 58 మిలియన్ డాలర్లు వచ్చాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి నిర్మాత డీనో డి లారెంటిస్‌ను తలచుకోవాలి. ‘రెడ్ డ్రాగన్’ను 1986లో ‘మ్యాన్‌హంటర్’గా తీస్తే ఆడలేదు. లెక్టర్ పేరు వాడుకునే హక్కు తన దగ్గరే ఉన్నా, వీడితో లాభం లేదనుకుని తర్వాతి సినిమావాళ్లకు ఉచితంగా ఇచ్చేశాడు. ఆ సినిమాకే ఐదు ఆస్కార్లు వచ్చాయి. కడుపుమంట చల్లారాలంటే ఖర్చవుతుంది. ‘హానిబాల్’ హక్కులకు 10 మిలియన్ డాలర్లు పోశాడు. కొన్నేళ్లాగి హారిస్‌తో లెక్టర్ బాల్యం కథ రాయమన్నాడు. మీరు రాయకపోతే ఇంకొకరితో రాయిస్తాను, పాత్ర నా చేతిలోనే ఉందన్నాడు. హారిస్ రాశాడు. 2006 డిసెంబరులో ‘హానిబాల్ రైజింగ్’ వచ్చింది.

ఈసారి బంధువులు పిల్లాడి తరఫున ఏడ్చారు. యుద్ధకాలంలో లిథువేనియాలో ఆకలిగొన్న దుండగులు లెక్టర్ చెల్లెల్ని చంపి తినేశారు, అందుకే పాపం ఇలా తయారయ్యాడని పుస్తకం చెబుతుంది. విరామం తర్వాత వచ్చే ఫ్లాష్‌బ్యాక్‌లో రౌడీ కూడా దేవుడైపోవడం మనకు కొత్త కాదు గానీ, వాళ్లకు చేదుగా తగిలింది. కారణం లేకుండా తినే పెద్దమనిషిని ప్రేమించారు వాళ్లు. కారణం చూపిస్తే ఆయన మామూలు బాధితుడైపోయాడు. తినడానికి మరీ సానుభూతి అడుగుతున్నాడని పాఠకులు మండిపడ్డారు. ఈసారి నేను వాళ్ల పక్షమే. లెక్టర్‌కు జాలి ఇవ్వడం కంటే మాట్లాడకుండా అరెస్టు చేయడం మర్యాద.

హారిస్‌కు ఇంక విసుగొచ్చిందేమో, పదమూడేళ్లు ఏమీ రాయలేదు. 2019లో ‘కారీ మోరా’ అనే నవల వచ్చింది. మయామీ బీచ్‌లో కథ, పాబ్లో ఎస్కోబార్ దాచిన బంగారం చుట్టూ తిరుగుతుంది. కథానాయిక వలస వచ్చిన అమ్మాయి. ఆమెకు ఎవరూ మందు పెట్టరు, ఎవరూ ఒపేరాకు తీసుకెళ్లరు. కాపురం ఊసే లేదు. దశాబ్దాల తర్వాత హారిస్ ఒక ఇంటర్వ్యూ కూడా ఇచ్చాడు. ఇన్నాళ్లకు పెద్దలకు మనశ్శాంతి దొరికి ఉంటుందనుకున్నాను. మార్కెట్లోకి పుస్తకం వచ్చిన వారంలోనే సణుగుడు మొదలైంది: అంతా బాగానే ఉంది గానీ, లెక్టర్ ఏడీ?