ఆయిల్ వాసన పద్యము: సటీకా తాత్పర్యము

ఆ.వె.
బండి యాగినంత వాసన గొట్టిన
తుడిచి చూడవలయుఁ దొలుత నీవు
పొగను జూడు, మరక పోకడఁ గనుమయ్య
ముక్కు మాట నమ్మి మోసపోకు

అవతారిక: మూలము లేని టీక చెల్లదు గనుక పద్యమును టీకాకారుడే కట్టుకొనెను. ఇతని బండి సిగ్నల్ వద్ద ఆగినపుడెల్ల మాడిన ఆయిల్ వాసన కొట్టెను. రింగులు పోయినవని ముక్కు తీర్పు చెప్పగా, ఇంజన్ బోరుకు ఎంతగునో లెక్క వేసికొనుచు ఇతడు రెండు రాత్రులు నిద్ర మానెను.

ప్రతిపదార్థము: బండి = గాలికి చల్లబడు నాలుగు స్ట్రోకుల వంద సీసీ వాహనము (ఆర్‌ఎక్స్ 100 వంటి టూ స్ట్రోకులకు ఈ పద్యము వర్తింపదు; పెట్రోలుతో పాటు ఆయిల్ మండుటయే వాని స్వధర్మము); ఆగినంత = ఎర్ర లైటు పడగానే (పరుగులో వాసనను గాలి వెనుకవానికి పంచును, నిలిచినపుడు అది సొంతదారును చేరును); వాసన గొట్టిన = కారిన ఆయిల్ వేడి ఫిన్నులపైనో సైలెన్సర్ బెండుపైనో మాడినచో; తుడిచి = డీజిల్‌తో కడిగి, పాత బనియను గుడ్డతో పొడిగా ఒత్తి; చూడవలయు = పది కిలోమీటర్లు తిరిగి వచ్చి మరల పరికింపవలెను; తొలుత = స్పానరు పట్టుటకు ముందే; పొగను జూడు = పొద్దుట స్టార్టు చేయగానే కాసేపు నీలిపొగ వచ్చి తగ్గినచో వాల్వ్ సీళ్లను, ఎక్సలరేటర్ తిప్పినకొద్దీ వచ్చినచో రింగులను శంకింపుము; మరక పోకడ = ఆయిల్ నడచిన త్రోవ.

విశేషము: 'పోకడ' పద్యమునకు ప్రాణము. ఆయిల్ కిందికి జారును, గాలికి వెనుకకు పోవును. కావున తడిసిన చోటు దోషి కాదు, దానికి పైన, ముందు ఉన్నదే దోషి. కడిగి ఆరిన ఇంజన్‌పై టాల్కం పౌడరు చల్లినచో త్రోవ గీత గీసినట్లు కనబడును.

శంక: "నిన్ననే ఆయిల్ మార్పించితిని, వాసన ఏల?" సమాధానము: గరాటు లేక పోసినపుడు ఒలికినది మాడుచుండును, రెండు రోజులలో పోవును. ఎక్కువ పోసినచో బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టరును తడుపును. కాన "ఇంకొంచెం పొయ్యన్నా" అనరాదు. సెంటర్ స్టాండ్ వేసి డిప్‌స్టిక్ చూడవలెను.

మతాంతరము: "కారుతున్నదంటే ఆయిల్ ఉన్నట్టే" అని పాత బుల్లెట్ వారు. అది భక్తి, శాస్త్రము కాదు.

తాత్పర్యము: వాసన ఉన్నదని ముక్కు చెప్పును, ఎక్కడిదో చెప్పజాలదు. అది కన్ను పని. టీకాకారుని బండికి రింగులు నిక్షేపముగా ఉన్నవి. ముందువైపు ట్యాపెట్ మూత కింది ఓ-రింగు గట్టిపడినది, అంతే.