పది రూపాయల గుడ్డ, పదిమంది ఆటో

ఖమ్మం మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలు ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు బిగించుకుంటారు. అందుకు జీవో రాలేదు, జరిమానా పెట్టలేదు, వ్యక్తి స్వేచ్ఛకు భంగమని కోర్టుకెక్కినవాళ్లూ లేరు. ఘాటు తగలగానే చెయ్యి దానంతటదే తువ్వాలు వెతుక్కుంటుంది. కరోనాకు ఘాటు లేకపోవడమే వచ్చిన చిక్కు. కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. అందుకే మాస్కు అవసరమా కాదా అన్న విచారణ కల్లూరు, సత్తుపల్లి వైపు టీకొట్ల నుంచి కాన్వెంటు గేట్ల దాకా పాకింది. సత్తుపల్లి బొగ్గు లారీల దుమ్ములోంచి పిల్లల్ని బండి మీద తీసుకెళ్లేటప్పుడు ఎవరికీ ఊపిరితిత్తులు గుర్తుకు రాలేదు. బడి గేటు దగ్గర సిస్టరు మాస్కు అడిగేసరికి మాత్రం ఊపిరి విలువ అందరికీ ఒక్కసారిగా తెలిసివచ్చింది.

ఈ గొడవ మన కనిపెట్టుడు కాదు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, లాన్సింగ్ నగరంలో రిసరెక్షన్ స్కూల్ అనే కేథలిక్ బడి ఉంది. 2020 అక్టోబరులో ఆ బడి, కొందరు తల్లిదండ్రులు కలిసి రాష్ట్ర ప్రభుత్వం మీద దావా వేశారు. దేవుడు మనిషిని తన రూపంలో సృష్టించాడు, మాస్కు ఆ రూపాన్ని కప్పేస్తోంది అన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. మన దగ్గర వాదన అంత ఎత్తుకు ఎదగలేదు. 1988లో ఏర్పడిన ఖమ్మం మేత్రాసనం పరిధిలోనైనా మరెక్కడైనా మన కాన్వెంట్లకు పిల్లల్ని పంపేవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కారు. వాళ్లు అక్కడ వెతికేది దేవుడి రూపాన్ని కాదు, క్రమశిక్షణను, ఇంగ్లీషును. అందుకే మన తల్లిదండ్రులు గేటు దగ్గర 'ఎస్ సిస్టర్' అంటారు, నాలుగడుగులు ఇవతలికొచ్చాక రాజ్యాంగం మాట్లాడతారు.

టీకొట్టు దగ్గర మొదట వినపడేది పిల్లలకు ఊపిరాడదన్న మాట. మార్చి సగంలోనే ఒంటిపూట బడులు పెట్టుకునేంత ఎండలు మనవి. ఆ ఎండలోనే అయిదేళ్ల పిల్లాడి మెడకు టై, నడుముకు బెల్టు, కాళ్లకు మేజోళ్లు, వాటిపైన నల్లబూట్లు బిగించి, వాడు దొరబాబులా ఉన్నాడని ఫొటో తీసి బంధువులకు పంపుకున్నాం. లండన్ చలికి కుట్టిన వేషం కల్లూరు ఎండకు పనికొస్తుందా అని ఒక్క తల్లిదండ్రుల సమావేశంలోనైనా అడిగిన పాపాన పోలేదు. మెడను బిగించే గుడ్డ నాగరికత, ముక్కును కప్పే గుడ్డ దౌర్జన్యం! సరిగ్గా పెట్టుకున్న మెడికల్ మాస్కు వల్ల ఆక్సిజన్ తగ్గదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లోనే చెప్పింది. పైగా అందరికీ ఒకటే రూలు పెట్టమని కూడా అనలేదు. అయిదేళ్లలోపు వాళ్లకు మాస్కు వద్దు, పన్నెండు దాటినవాళ్లు పెద్దల్లాగే పెట్టుకోవాలి, మధ్యవాళ్ల విషయం పరిస్థితిని బట్టి పెద్దల పర్యవేక్షణలో చూసుకోవాలి అని 2020 ఆగస్టులో యునిసెఫ్‌తో కలిసి చెప్పింది. 2021 జూన్‌లో మన కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలూ దాదాపు అదే మాటన్నాయి. అంటే గొడవకు జవాబు ముందే అచ్చయి ఉంది. కానీ జవాబు దొరికితే వాదన ఆగిపోతుందన్న భయం ఇరుపక్షాలకూ ఉన్నట్టుంది, దాన్ని ఎవరూ తెరిచి చూడలేదు.

మాస్కు పనిచేస్తుందని రుజువేదీ అనేవాళ్లను కొట్టిపారేయనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాల్లో పెద్ద ప్రయోగమే జరిగింది. ఉచితంగా మాస్కులు పంచి, ఎందుకో వివరించి, గుర్తుచేస్తూ పోతే వాడకం 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగింది. లక్షణాలతో కూడిన కోవిడ్ 9 శాతం దాకా తగ్గింది. సర్జికల్ మాస్కులిచ్చిన ఊళ్లలో అరవై దాటినవాళ్లకు ఇంకా ఎక్కువ మేలు కనిపించింది. తొమ్మిది శాతం మహిమ కాదు, మోసమూ కాదు. అదీ పెద్దవాళ్ల మీద జరిగిన ప్రయోగం, బడిపిల్లల మీద కాదు. కాబట్టి 'మాస్కుంటే చాలు' అన్న బడీ, 'మాస్కు దండగ' అన్న తండ్రీ ఇద్దరూ చదవని పుస్తకం మీదే ప్రమాణం చేశారు. ఆ ప్రయోగంలో నాకు నచ్చింది ఆ ఆఖరి అంకె కాదు, మొదటిది. జరిమానా వెయ్యి రూపాయలన్నా గడ్డం కిందికి జారే గుడ్డ, ఎవరో ఊరికొచ్చి ఓపికగా చెబితే ముక్కు మీదికి ఎక్కింది.

ఇంకొక అభ్యంతరం ఉంది. దానికి మాత్రం నా దగ్గర ఎగతాళి లేదు. అడవి అంచు ఊళ్ల పిల్లలు కొందరికి ఇంట్లో కోయ భాష, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. ప, బ, మ పెదవులు కలిస్తే పుట్టే అక్షరాలు. టీచరు పెదవులే కనపడకపోతే ఆ పిల్ల వాటిని గాలిలోంచి ఏరుకోవాలి. ఇది నిజమైన నష్టం. అయితే దీనికి విరుగుడు మాస్కు తీసేయడం ఒక్కటే కాదు. చిన్న తరగతులను కానుగ చెట్టు కిందికి మార్చి, టీచరు నాలుగడుగులు వెనక్కి జరిగి, మొహం చూపిస్తూ పాఠం చెప్పవచ్చు. కిటికీలు తెరవవచ్చు. ఈ మాట ఎవరూ ఎందుకు ఎత్తలేదంటారా? అక్కడే ఉంది అసలు సంగతి.

మాస్కు మీద ఇంత వాదన జరగడానికి కారణం అది పది రూపాయలది కావడమే. మిగతావన్నీ ఖరీదైనవి. తరగతికి సగంమందే కూర్చోవాలంటే గదులు కావాలి, టీచర్లు కావాలి. ఆటోలో పదిమందిని కుక్కకూడదంటే రెండో ఆటో కావాలి, దాని కిరాయి ఎవరో భరించాలి. 2020 ఏప్రిల్ 21న వచ్చిన జీవో 46 ఫీజులు పెంచకూడదనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలనీ చెప్పింది. పనుల్లేని తల్లిదండ్రులకు అది ఊపిరి, జీతాలు ఇవ్వాల్సిన బడికి ఉక్కపోత. 2021 ఏప్రిల్ వచ్చేసరికి ప్రైవేటు టీచర్లకు ప్రభుత్వమే నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఇరుపక్షాల జేబులూ ఖాళీ. జేబులో చెయ్యి పెట్టక్కర్లేని విషయం ఒక్క మాస్కే మిగిలింది కనుక, దాని చుట్టూ చేరి ధర్మయుద్ధం చేశాం. పొద్దున ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చి, మధ్యాహ్నం మాస్కులు తీసి ఒకరి డబ్బాలో ఒకరు తిని, ప్రార్థనలో మాత్రం ఆరడుగుల దూరంలో, ముక్కు కప్పుకుని నిలబడ్డారు పిల్లలు. పై నుంచి అంగీకార పత్రం ఒకటి: మా ఇష్టంతోనే పంపుతున్నాం అని తల్లిదండ్రుల సంతకం.

ప్రభుత్వాన్నే అనుసరించారు కదా అంటే, నిజమే, ఆ ఆదర్శం గొప్పది. 2021 మార్చి 24 నుంచి బడులు మూశారు, సినిమా హాళ్లు ఆడాయి. సెకండ్ వేవ్ ఉధృతంగా ఉన్న ఏప్రిల్ 30న ఖమ్మం కార్పొరేషన్‌కు పోలింగ్ పెట్టారు. సెప్టెంబరు 1న మళ్లీ బడులు తెరిచేటప్పుడు, నేరుగా తరగతులకు రావాలని ఎవరినీ బలవంతపెట్టొద్దని ముందురోజు హైకోర్టు చెప్పాల్సి వచ్చింది.

లాన్సింగ్ బడి దావా 2021 ఆగస్టులో అప్పీలు కోర్టులో ఓడింది. 2022 మేలో, అదే కోర్టు పూర్తి ధర్మాసనం, మాస్కు ఉత్తర్వే ఇప్పుడు లేదు గనక తేల్చాల్సిందేమీ లేదని ముగించేసింది. మనకు ఆ ఖర్చు తప్పింది. మాస్కు యూనిఫాం జాబితాలోంచి చప్పుడు లేకుండా జారిపోయింది, టై, బెల్టు ఉన్నచోటే ఉన్నాయి. ఆటోలు అప్పుడెంతమందితో గేటు ముందు ఆగాయో ఇప్పుడూ అంతమందితోనే ఆగుతున్నాయి, ముందు సీట్లో డ్రైవరుకు అటొకరు, ఇటొకరు.