వెయిటింగ్ లిస్టు బావమరిది

మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు. ఇంజినీరింగ్ చదివాడు, ఉద్యోగం ఉంది, జీతమూ వస్తోంది. కానీ ఏం చేస్తున్నావురా అని అడిగితే ఆ ఉద్యోగం ఊసెత్తడు. "ఒకచోట వెయిటింగ్ లిస్టులో ఉన్నాను" అంటాడు, ఐఏఎస్ ఇంటర్వ్యూ దాకా వెళ్లినవాడిలా. మాకు ఆ లోటు మా బావమరిది తీర్చాడు.

మా అత్తవారిది మొగల్తూరు. చిరంజీవి పుట్టిందీ, కృష్ణంరాజు పుట్టిందీ అక్కడే అని ఆ ఊరివాళ్లు కొత్తవాళ్లకి మంచినీళ్లు ఇచ్చేలోపే చెప్పేస్తారు కాబట్టి నేనూ చెప్పేశాను. కరోనాకి బెంగుళూరు నుంచి లాప్‌టాప్‌తో దిగిన మావాడు మళ్లీ బండెక్కలేదు. మేడమీద గదిలో కూర్చుని, కిందనుంచి అమ్మ పంపే కాఫీలు తాగుతూ, ఏదో స్టార్టప్‌కి కోడ్ రాస్తాడు. ఆ స్టార్టప్ అంటే వాడికి చులకన. కారణం ఒకటే, వాళ్లు వీణ్ణి అడిగిన వెంటనే తీసేసుకున్నారు.

"నౌకరీలో రెజ్యూమె పెట్టొచ్చుగా?" అన్నాను ఓసారి.

"అక్కడ అందరూ పెడతారు బావా."

"మరి లింక్‌డిన్?"

"అందులో మీరు కూడా ఉన్నారుగా!"

నేను బ్యాంకు క్యాషియర్ని. నేనున్న చోట వాడు ఉండలేడన్నమాట. వాడికి కావలసిన సైట్లలో అప్లై బటనే ఉండదు. లోపలున్నవాడు ఎవడో ఇన్వైట్ కోడ్ పంపాలి, పైవాళ్లు మనం రాసిన ప్రోగ్రాములు పెట్టుకునే గిట్‌హబ్ తిరగేయాలి, నచ్చితే తలుపు తీయాలి. తీశాక మనం ఎవర్నీ దేబిరించక్కర్లేదట, కంపెనీలే జీతం అంకెతో సహా మన దగ్గరికొస్తాయట. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటిదొకటి డెవలపర్ ఆక్షన్ అని పేరు పెట్టుకునే మొదలైంది, తర్వాత హైర్డ్ అయింది. ప్రోగ్రామర్లని నిలబెట్టి కంపెనీల చేత పాట పాడించడం.

ఇది విని మా మావగారు తెగ సంబరపడ్డారు. ఆయనవి రొయ్యల చెరువులు. "ఇది మన వ్యాపారమేరా! కొనేవాడు గట్టు మీదికొస్తాడు, వల వేయించి కిలోకి ఎన్ని తూగాయో లెక్కెడతాడు. ముప్పై కౌంటుకో రేటు, వంద కౌంటుకో రేటు. మరి నీకు వల ఎప్పుడేస్తారంట?"

"ముందు వాళ్లు పిలవాలి నాన్నా."

"రొయ్యకి పిలుపేంట్రా?"

మావాడికి ఈ రోగం ఇప్పటిది కాదు. 2004లో జీమెయిల్, ఆర్కుట్ రెండూ పిలుపుల మీదే మొదలయ్యాయిగానీ అప్పటికి వీడు నిక్కర్లలో ఉన్నాడు. ఊహ తెలిసేసరికి, 2007లో, జీమెయిల్ అందరికీ తలుపులు తీసేసింది. ఆ వెలితి 2014లో తీరింది. వన్‌ప్లస్ ఫోను కొనాలంటే ఇన్వైట్ ఉండాలన్నారు. డబ్బులిచ్చి కొనుక్కోవడానికి భీమవరం హాస్టల్లో వీడు కాళ్లు పట్టుకోని సీనియర్ లేడు.

ఈమధ్య అలాంటి సైటు ఒకదాని క్యూలో చేరాడు. తెర మీద ఒక నంబరు కనిపిస్తుంది. 'మీ ముందు ఇంతమంది' అని. పొద్దున్నే పళ్లు తోముకోకుండా దాన్ని చూస్తాడు. తగ్గితే ఇడ్లీ తింటాడు, పెరిగితే తినడు. స్నేహితుల్ని చేర్పిస్తే ముందుకి జరుపుతామని కింద చిన్నక్షరాల్లో ఉంది. అంతే, ఇంటిల్లిపాదిమీ డెవలపర్లం అయిపోయాం. నాకు 'డేటాబేస్ అనుభవం' అని రాశాడు. మా అత్తగారు లేసు అల్లుతారు. ఆవిడకి 'డిజైన్ ప్యాటర్న్స్'. చెరువు కాపలా సుబ్బడిది 'ఇరవైనాలుగు గంటల సర్వర్ మానిటరింగ్'. ఏరేటర్లు ఆగిపోతే వాడేగా లేచేది! ఇందులో అబద్ధం ఎక్కడుందో నేనింతవరకూ పట్టుకోలేకపోయాను.

పిలుపు పట్టింపు మా ఇళ్లల్లో లేనిది కాదు. బొట్టు పెట్టి పిలవకపోతే మా అత్తగారు సొంత ఆడపడుచు ఇంటికైనా కదలరు. వాట్సాప్‌లో శుభలేఖ పడేసిన పెళ్లికి నేనూ వెళ్లను, ఫొటోలు మాత్రం పెద్దవి చేసుకుని చూస్తాను. కానీ ఇదే ఊళ్లో, 2022 సెప్టెంబరులో కృష్ణంరాజుగారి సంస్మరణకి ప్రభాస్ వచ్చిన రోజున, ఎక్కడెక్కడి అభిమానులకో భోజనాలు పెట్టారు. ఎవరు పిలిస్తే వచ్చావని ఒక్కణ్ణీ అడగలేదు. ఆ మాటే అంటే మావాడు, "భోజనం వేరు, నెట్‌వర్క్ వేరు బావా" అని మేడెక్కేశాడు.

చివరికి ఓ అర్ధరాత్రి పిలుపొచ్చింది. రెండ్రోజుల్లో వాడుకోకపోతే కోడ్ చెల్లదు. ఆపైన గడియారం పెట్టి పరీక్ష. చెట్టుని తలకిందులు చేయమన్నారట. చెట్టంటే చెట్టు కాదు, బైనరీ ట్రీ. మావాడు సగం తిప్పేసరికి కరెంటు పోయింది. మావగారేమో ఇన్వర్టర్ సంగతి వదిలేసి జనరేటర్ కోసం చెరువు మీదికి పరిగెత్తారు. "హోమ్‌బ్రూ సాఫ్ట్‌వేర్ రాసిన మ్యాక్స్ హోవెల్‌నే గూగుల్‌వాళ్లు ఈ చెట్టు దగ్గర వద్దన్నారు, 2015లో ఆయనే చెప్పుకున్నాడు" అని వారం పాటు ఇంట్లో అందరికీ చెప్పాడు, కాపలా సుబ్బడితో సహా.

అయినా ఎలాగో లోపలికి రానిచ్చారు. పాపం, నిజంగా సంతోషపడ్డాం. అత్తగారు పూర్ణాలు వండారు. లోపల చూస్తే ఊరి పేరు నింపే చోట మొగల్తూరు లేదు, నరసాపురం లేదు, హైదరాబాదు ఉంది. కంపెనీలేవీ రాలేదు. వచ్చిందల్లా వాడు ఇతరులకి పంచుకోవడానికి నాలుగు కోడ్‌లు. ఇక చూడాలి వాడి దర్జా! మా పెద్దాడు బీటెక్ మూడో ఏడు, ఒకటి వాడికివ్వరా అన్నాను.

"వాడి గిట్‌హబ్ మొన్న తెరిచాను బావా, జనవరి తర్వాత ఒక్క కమిట్ లేదు. కొత్తగా ఏమైనా రాస్తే లింకు పంపమనండి, చూస్తాను."

మేనల్లుడండీ! నేను మొహం మాడ్చుకుంటే మా అబ్బాయి ఫోన్లోంచి తలెత్తకుండానే, "అక్కర్లేదు మావయ్యా, నిన్నట్నుంచి ఇన్వైట్ తీసేశారు. ఎవరైనా చేరొచ్చంట. నేను చేరిపోయాను" అన్నాడు.

సాయంత్రానికల్లా మావాడు అందులోంచి పేరు తీసేసుకున్నాడు. ఎవడు పడితే వాడు వచ్చేచోట క్వాలిటీ ఉండదట. ఇప్పుడింకోటేదో దొరికింది, దాని క్యూ మరీ పెద్దది. అత్తగారి ఫోనుకి ఓటీపీ వచ్చినట్టుంది, మేడమీంచి ఒకటే కేకలు, చదివి చెప్పమని.