నాలుగో బైటు ఎవడిస్తాడు?

మా రోజుల్లో ప్రోగ్రామర్లు పోట్లాడుకునేవాళ్లు కాదని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఇప్పటి పిల్లలకన్నా ఎక్కువే పోట్లాడుకునేవాళ్లం. కోడు రాసే ఎడిటర్లలో వీఐ గొప్పదా, ఈమ్యాక్స్ గొప్పదా అని టీ చల్లారిపోయేదాకా వాదించుకున్నాం. ఈమ్యాక్స్ అంటే గిట్టనివాళ్లు దాని పేరులోని అక్షరాలకు కొత్త అర్థం కట్టి, ఎనిమిది మెగాబైట్లు మింగి కూడా డిస్కు చుట్టూ తిరుగుతూనే ఉంటుందని వెక్కిరించేవారు. ఎనిమిది మెగాబైట్లంటే అప్పట్లో తిట్టు! ఇప్పుడు మా మేనల్లుడి కంప్యూటర్లో, ఆఫీసువాళ్లతో కబుర్లాడే ప్రోగ్రామొక్కటే వందల మెగాబైట్లు ఆక్రమించి కూర్చుంటుంది. ఇదేమిట్రా అంటే, "మెమరీ చవకైపోయింది కదా మావయ్యా" అంటాడు.

ఆ 'చవక' అన్నచోటే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరికి చవక?

నేను ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో స్థిరపడిపోయిన తెలుగువాణ్ని. కొత్తవలస నుంచి కిరందుల్‌కి రైలు పట్టాలు పడ్డాక బైలాడిలా ఇనుపరాయి విశాఖ రేవుకి దిగింది, ఉద్యోగాలు వెతుక్కుంటూ మావాళ్లు కొండెక్కారు. (అంతకు ఎన్నో తరాల ముందే ఓరుగల్లు నుంచి అన్నమదేవుడు వచ్చి బస్తర్‌ని ఏలాడు కదా అని ఇక్కడి ప్రతి తెలుగువాడూ గుర్తు చేస్తాడు. నేనూ చేసేశాను, ఇక ముందుకు పోదాం.) నేను కంప్యూటర్ల గదిలో చేరేనాటికి డాస్ మనకిచ్చేది 640 కిలోబైట్లు. ఫ్లాపీలో పట్టేది 360. జీతాల పట్టీ, స్టోరు లెక్కా, సెలవుల ఖాతా అన్నీ అందులోనే సర్దాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి, రాసినదాన్ని ఎప్పటికప్పుడు డిస్కులోకి దించుతూ ఉండాలి. ప్రోగ్రామ్ బరువెక్కితే ఆ బరువు మోసేది మేమే, రాత్రి కూర్చుని చెక్కేదీ మేమే. వాడేవాడికి ఆ సంగతే తెలిసేది కాదు.

సంవత్సరానికి రెండంకెలు చాలనుకున్న పెద్దల్ని ఈ పిల్లలు వెర్రివాళ్లంటారు. పంచ్ కార్డుకి 80 గళ్లే ఉంటే అందులో రెండు గళ్లు మిగల్చడం వెర్రితనమా? అయినా 2000 సంవత్సరం ముంచుకొచ్చినప్పుడు ఆ రెండంకెల మరమ్మతే కదా అమీర్‌పేటలో కోబాల్ క్లాసులు నింపి, ఎంతమంది తెలుగు పిల్లల్నో అమెరికా విమానం ఎక్కించింది! తిట్టేవాళ్లలో సగంమంది నాన్నలు ఆ విమానంలోనే వెళ్లారు.

మా గొడవల్లో జయాపజయాలు ఎవరికీ అర్థమయ్యేవి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 1992లో ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని కాలం చెల్లిన సరుకని తేల్చేశాడు. నువ్వు నా విద్యార్థివి కాకపోవడం నీ అదృష్టం, ఈ డిజైనుకి నా దగ్గర మంచి మార్కులు వచ్చేవి కావని దాన్ని రాసిన ఫిన్లండ్ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్‌కి చెప్పాడు. ఇవాళ ఇక్కడి కొంటా సంతలో దోర్ల తెగ కుర్రాడి చేతిలో ఉన్న ఆండ్రాయిడ్ ఫోను ఆ మార్కులు రాని సరుకుతోనే నడుస్తోంది. సరే, అవన్నీ చదువుకున్నవాళ్ల కుస్తీలు.

నాకు అసలు గొడవ అనిపించేది అక్షరాల గొడవ. డాస్ రోజుల్లో మన భాష తెర మీద కనపడాలంటే సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు కంప్యూటర్ పొట్టలో దూర్చాలి. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఇస్కీ కోడ్ మంచిదా, ఫాంటువాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకున్న కోడ్ మంచిదా అని యుద్ధాలు. 1991లో యూనికోడ్ మొదటి సంచిక వచ్చింది. ప్రపంచంలో వాడుకలో ఉన్న లిపులన్నిటికీ 16 బిట్లు, అంటే 65,536 గళ్లు, చాలని ఆ పెద్దలు లెక్క కట్టారు. తెలుగు మొదటి రోజే లోపలికి వచ్చి కూర్చుంది. తర్వాత తెలిసింది చాలవని. 1996లో ఇంటి మీద అంతస్తులు వేశారు. ఆలస్యంగా వచ్చినవాళ్లలో చాలామందికి పై అంతస్తులోనే చోటు.

ఆలస్యంగా వచ్చినవాళ్లలో గోండులున్నారు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. బాలాఘాట్ వైపు మున్షీ మంగళ్ సింగ్ మసారామ్ 1918లో తయారుచేసిన లిపి 2017లో యూనికోడ్‌లోకి ఎక్కింది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో రాతప్రతుల్లో దొరికిన లిపి, ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చినది, 2018లో ఎక్కింది. రెండూ పై అంతస్తులోనే.

పై అంతస్తైతే ఏం పోయిందంటారు. చెబుతాను, బైట్లు లెక్కపెట్టడం నా జబ్బు. యూనికోడ్‌ని బైట్లలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగుది మూడు. 'అమ్మ' అని రాస్తే అ, మ, పొల్లు, మ, వెరసి 12 బైట్లు. గోండి లిపిలో ఒక్కో అక్షరానికి నాలుగు. ఇక్కడుంది తిరకాసు. ప్రపంచమంతా ఉచితంగా వాడుకునే మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 'యూటీఎఫ్-8' అని పేరు పెట్టుకున్న ఏర్పాటు, అక్షరానికి మూడు బైట్లే ఇచ్చేది. నాలుగో బైటు అడిగిన అక్షరం వస్తే వాక్యాన్ని అక్కడికి తెగ్గోసేది, లేకపోతే తప్పని తిప్పి కొట్టేది. ఆ నాలుగో బైటు మిగల్చడం వల్ల ఎవడో ప్రోగ్రామర్‌కి కాస్త జాగా కలిసొచ్చింది. పోయింది ఎవరికి? ఆ రోజుకి యూనికోడ్ గుమ్మం కూడా తొక్కని గోండుకి.

2010లో నాలుగు బైట్ల ఏర్పాటు వేరే పేరుతో తెచ్చారు. 2018లో ఎనిమిదో సంచికతో అదే మామూలు పద్ధతైంది. ప్రోగ్రామర్లు ఆ పాత పట్టికలు మార్చుకోవడానికి ఎందుకు ఎగబడ్డారో తెలుసా? గోండి కోసం అనుకుంటే మీరు అమాయకులు. నవ్వు మొహాల కోసం! ఎమోజీలు కూడా పై అంతస్తు కాపురమే. వ్యాఖ్యలో ఎవరో నవ్వు మొహం పెడితే వాక్యం తెగిపోతోందని కస్టమర్లు గోల పెట్టారు, అప్పుడు నిద్ర లేచారు. ఫోనులో పసుప్పచ్చ మొహాలు పంపేవాళ్లంటే నాకు పడదు. మా ఆవిడ పంపినా జవాబివ్వను. కానీ గోండి అక్షరానికి దారి వేసింది ఆ మొహాలే, ఏం చేస్తాం.

జావా, జావాస్క్రిప్ట్ రెండూ 1995 నాటివి, కింది అంతస్తు రోజుల్లో పుట్టినవి. గోండి అక్షరం ఒకటిచ్చి ఎన్ని అక్షరాలని అడగండి, రెండంటాయి. పేరు ఇరవై అక్షరాలు మించకూడదని ఫారం పెడితే గోండి పేరుకి పదే దక్కుతాయి. మేనల్లుడికి చెబితే, "బస్తర్‌లో గోండి దేవనాగరిలోనే రాస్తారు కదా మావయ్యా, ఆ లిపి ఎవరు టైపు చేస్తారు?" అన్నాడు. నిజమే, ఇక్కడ దేవనాగరి, ఆదిలాబాద్‌లో తెలుగు. ఏ లిపి కావాలో గోండులు తేల్చుకుంటారు, నాకూ వాడికీ అక్కడ పనిలేదు. వాళ్లు తేల్చుకుని వచ్చేసరికి మన పెట్టెలో ఆ అక్షరానికి చోటుండాలా వద్దా?

మన తెలుగుకీ తక్కువేమీ జరగలేదు లెండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' తరహా కూర్పు ఒకటి సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లు గింగిరాలు తిరిగి పడిపోయాయి. ఆపిల్ హడావుడిగా 11.2.6 సంచిక విడుదల చేసింది. ఆ వారం లోకమంతా తెలుగు అక్షరాన్ని బాంబు అంది. తప్పు అక్షరాన్ని గీసే ప్రోగ్రాముది, పేరు చెడింది మన ఒత్తుది.

ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, ఖర్చు ఎవరు మోయాలన్న ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పిన ప్రోగ్రామ్ ఒకటి నేను చూశాను. 2010లో, బీబీసీలో పనిచేసి వచ్చిన విలేకరి శుభ్రాంశు చౌధరీ, బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఉన్న బిల్ థీస్ కలిసి సీజీనెట్ స్వర మొదలుపెట్టారు. అప్పటికే తెలివైనవాళ్లందరూ వెబ్‌సైటో, యాపో అంటున్నారు. వీళ్లు మామూలు ఫోను పట్టుకున్నారు. బెంగళూరు నంబరు, వెనకాల ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఒకటి నొక్కితే నీ మాట రికార్డు చెయ్యి, రెండు నొక్కితే ఇతరుల మాట విను. చదువు అక్కర్లేదు, లిపి గొడవ అసలే లేదు. గోండి, ఛత్తీస్‌గఢీ, ఏదైనా మాట్లాడుకోవచ్చు. కూలి డబ్బులు రాలేదనీ, బోరింగు పాడైందనీ జనం చెబితే, సంపాదకులు విచారించుకుని అందరికీ వినిపించేవారు.

ఇందులో నాకు నచ్చింది మిస్డ్ కాల్. నువ్వు మోగించి పెట్టేస్తే కంప్యూటరే నీకు తిరిగి ఫోను చేసేది. కాల్ డబ్బులు సర్వర్ నెత్తిన. ప్రోగ్రామర్‌గా చెబుతున్నాను, అందులో అబ్బురపడేంత కోడేమీ లేదు. కానీ బిల్లు ఎవరి జేబులోంచి పోవాలో ముందే తేల్చుకుని రాసిన ప్రోగ్రామ్ అది. తర్వాత బుల్టూ రేడియో అని తెచ్చారు. బ్లూటూత్‌ని జనం పలికిన తీరే ఆ పేరు. నెట్ ఉన్నచోట ఒకడు కార్యక్రమం దించుకుంటే, మిగతావాళ్లకి ఫోను నుంచి ఫోనుకి పాకేది, పైసా డేటా లేకుండా. 2014లో శుభ్రాంశుకి ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ అవార్డు వచ్చింది. ఆ జాబితాలో పోటీపడింది ఎవరనుకున్నారు? నిఘా గుట్టు బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్, హ్యాకర్లంతా నెత్తిన పెట్టుకున్న టెయిల్స్ ఆపరేటింగ్ సిస్టమ్. మిస్డ్ కాల్ వాళ్లని దాటిపోయింది. మా ఊళ్లో ఎవరూ స్వీట్లు పంచలేదు, నేను పంచాను.

దాని వెనక ఉన్న మరో పని ఇంకా కష్టం. బస్తర్ గోండి ఆదిలాబాద్ గోండికి పూర్తిగా అందదు. 2014 నుంచి కొన్నేళ్ల పాటు వేర్వేరు రాష్ట్రాల గోండులు కూర్చుని, ఒక్కో మాటకి వాదించుకుని ఉమ్మడి నిఘంటువు కట్టారు. మాట ఎంచుకునే హక్కు కోసం జరిగిన ఆ వాదనల ముందు, వీఐయా ఈమ్యాక్సా అన్న మా వాదన ఎంత?

మేనల్లుడి రోజులు వేరు. హైదరాబాద్ కంపెనీ పని, జగదల్‌పూర్‌లో మా ఇంటి నుంచే. అది మంచిదే, వాడి అమ్మ కళ్ల ముందుంటున్నాడు. కానీ వాడు రాసే యాప్ తెరుచుకోవాలంటే ముందు కొన్ని మెగాబైట్ల జావాస్క్రిప్ట్ దిగాలి. కేంద్రం నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో 2,343 చోట్ల 2జీ టవర్లని 4జీగా మార్చాలని 2022 ఏప్రిల్‌లో నిర్ణయించింది. అంటే అప్పటిదాకా అక్కడ 2జీయే కదా! సుక్మా లోపలి గ్రామంలో ఒకడు ఆ మెగాబైట్లకి డేటా డబ్బు కడతాడు, చెట్టు కింద నిలబడి సిగ్నల్ కోసం చెయ్యెత్తుతాడు. మావాడికి మాత్రం మెమరీ చవక.

ఇప్పటి పెద్ద గొడవ ఏఐ. కోడు మనిషి రాయాలా, యంత్రం రాయాలా అని వాళ్లలో వాళ్లు గొంతులు చించుకుంటున్నారు. నాకు అందులో కొత్తేమీ కనపడలేదు. 1957లో ఐబీఎం ఫోర్ట్రాన్ తెచ్చినప్పుడు అసెంబ్లీ భాషలో కోడు రాసేవాళ్లు ఇలాగే ముక్కు విరిచారు.

"నేనెందుకు రాయాలి మావయ్యా, అది రాస్తుంది, నేను చదువుతాను" అన్నాడు.

"పూర్తిగా చదువుతావా?"

"చూస్తాను."

నిజాయితీపరుడు. ఆ మధ్య అది రాసిచ్చిన పట్టికల వివరం నాకు చూపించాడు. అన్నీ నాలుగు బైట్లే పెట్టింది. ఒప్పుకున్నాను, మనవాళ్లలో చాలామందికన్నా నయం. పొగిడితే నెత్తికెక్కుతుందని వాడి ముందు అనలేదు.

అయితే ఆ ఏఐ మనిషిలా మాటలు లెక్కపెట్టదు, ముక్కలు లెక్కపెడుతుంది. బిల్లు ముక్కకింత. చాలా మోడళ్లలో అదే మాటకి ఇంగ్లీషు కన్నా తెలుగుకి ఎక్కువ ముక్కలవుతాయి. ముక్కలు చేసే పద్ధతి ఎక్కువగా ఇంగ్లీషు చూసి నేర్చుకున్నది మరి. అది చూడనే చూడని లిపి వస్తే ఒక్కో అక్షరం బైట్లుగా చెదిరిపోవచ్చు. చచ్చిందనుకున్న బైట్ల లెక్క బిల్లులో మళ్లీ లేచి కూర్చుంది. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ 2025లో ఆది వాణి అని అనువాదం చేసే ఏఐ తెచ్చింది. ఐఐటీ ఢిల్లీ ముందుండి, బిట్స్ పిలానీ, హైదరాబాద్, నవా రాయ్‌పూర్ ట్రిపుల్ ఐటీలు కలిసి చేశాయి. సంతాలీ, భీలీ, ముండారీతో పాటు గోండి ఉంది. సంతోషం. గూడెంలో సిగ్నల్ లేనిచోట పనిచేస్తేనే నా దగ్గర మార్కులు.

ఇదంతా విని మావాడు, "నువ్వు ప్రతి దానికీ బిల్లు ఎవరిదంటావేం మావయ్యా? ఏఐ బిల్లు కంపెనీ కడుతుంది" అన్నాడు.

"మరి కంపెనీకి ఎవరు కడతార్రా?" అన్నాను.

వాడికి సరిగ్గా అప్పుడే మీటింగొచ్చింది.