గడియారం సెల్లు ఎవరు తీశారు?

మా ఇంట్లో గోడ గడియారం ఆగితే ఎవరూ గడియారం వంక చూడరు, నా వంక చూస్తారు. నా కానన్ పవర్‌షాట్ ఏ75 కెమెరాకి నాలుగు పెన్సిల్ సెల్లు కావాలి. దాని బ్యాటరీలు ఛార్జింగులో ఉండగా బయట ఎండ పసుపు రంగుకి తిరిగిందనుకోండి, మనిషన్నవాడు ఏం చేస్తాడు? హాల్లో గడియారం, పిల్ల గదిలో గడియారం, దేవుడి గదిలో టార్చిలైటు... నాలుగూ కుదిరిపోతాయి. ఆ చవక సెల్లు కెమెరా అడిగినంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేవు, నాలుగు ఫోటోలకే చేతులెత్తేస్తాయి. అవే తీసుకెళ్లి గడియారంలో పెడితే మళ్లీ నెలల తరబడి నడుస్తాయి. అందుకే ఇది దొంగతనం కాదు, చేబదులు అని నా వాదన. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.

కెమెరా 2004 నాటిది. 3.2 మెగాపిక్సెళ్లు, 1.8 అంగుళాల తెర. ఐఎస్ఓ 400 దాటదు. “ఫోనుండగా ఇదెందుకండీ?” అంటుంది మా ఆవిడ. లోపలున్నది సీసీడీ అనే సెన్సరు అనీ, బెల్ ల్యాబ్స్‌లో 1969లో దాన్ని కనిపెట్టిన బాయిల్, స్మిత్‌లకి 2009లో నోబెల్ వచ్చిందనీ చెప్పాను. “అయితే అటక మీద మిగతా కెమెరాలకి కూడా ఒక్కో నోబెల్ ఇప్పించి పంపించెయ్యండి” అంది. పాత కెమెరాల రంగుల మహిమంతా సీసీడీదేనని నేను ఇంట్లో గట్టిగా చెబుతుంటాను. నిజానికి ఆ కంపెనీ వాళ్లు లోపల రాసిపెట్టిన రంగుల లెక్కలకీ అందులో పెద్ద వాటా ఉంది. ఆ మాట ఒప్పుకుంటే నోబెల్ వాదన పోతుంది.

ఈ కెమెరాకి బొత్తాం సెల్లు నీరసిస్తే తేదీ గుర్తుండదు. “నేను పుట్టకముందే నన్ను తీశావా నాన్నా?” అని మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోటో తేదీ చూసి అడిగింది. బటన్ నొక్కాక కెమెరా కాస్త ఆలోచించి గానీ క్లిక్కుమనదు. ఈలోపు మా ఆవిడ నవ్వు అయిపోయి, తిట్టు మొదలవుతుంది. మా ఆల్బమ్‌లో ఆవిడ నోరు తెరిచి ఉన్న ఫోటోలే ఎక్కువ.

మేడ మీద తెల్ల పంచె మీద ఆరబెట్టిన వడియాలు తీశాను. పంచె, వడియాలు, ఎండ కలిసిపోయి ఖాళీ కాగితం వచ్చింది. ఎక్స్‌పోజర్ మైనస్‌లోకి దించి, పక్కన చాటలో ఉన్న ఎండుమిరపకాయలు తీశాను. ఆ ఎండలో తెర మీద ఏమీ కనిపించలేదు. రాత్రి కంప్యూటర్‌లో చూద్దును కదా, ఒక్కో కాయ మీద ముడతలు, తొడిమల దగ్గర దుమ్ము, కాయల సందుల్లో చిక్కటి నలుపు! నా ఫోనైతే నాలుగైదు ఫ్రేములు కలిపేసి ఆ నీడలకి సున్నం కొట్టి ఉండేది. ఇది నీడని నీడలాగే ఉంచేసింది. పొద్దున తీసిందేమిటో రాత్రిదాకా తెలియకపోవడంలో ఉన్న సుఖం ఎవరికి చెప్పినా పిచ్చి అనుకుంటారు.

ఆ మిరపకాయల ఫోటోని మా ఆవిడే వాళ్ల చెల్లెలికి పంపింది. వెంటనే ఫోనొచ్చింది. “బావగారూ, ఏ ఫోనండీ అది? పాత కెమెరానా! నాక్కూడా ఒకటి చూసిపెట్టరా?”

అటక మీద ఉన్నవాటి సంగతి నేను చెప్పలేదు. శనివారం కోఠి బజారుకి వెళ్లి, మరదలికి ఒకటి చూసి రావాలి.