రిఫరెన్సు బ్రదర్

ప్రతి సంఘంలోనూ ఇలాంటి బ్రదర్ ఒకరుంటారు. చంకలో జిప్పు కవరు బైబిలు, జేబులో మూడు రంగుల పెన్నులు, ఇంట్లో బీరువా నిండా కామెంటరీలు. గృహకూటంలో పాస్టరుగారు 23వ కీర్తన మొదటి వచనం చదవమంటే, చదివి ఊరుకోడు. కాపరి అనగానే యోహాను 10, అక్కణ్నుంచి యెహెజ్కేలు 34, అది తియ్యగానే హెబ్రీ 13:20, ఆ వెంటనే 1 పేతురు 5:4. ఆయన పేతురు దగ్గరికి వచ్చేసరికి పక్కన కూర్చున్న ముసలావిడ యెహెజ్కేలు కోసం ఇంకా విషయసూచికలో వెతుకుతూనే ఉంటుంది. గొర్రెలు రెండో వచనంలోని పచ్చికకు చేరకముందే టీ కప్పులు వచ్చేస్తాయి, కూటం ముగుస్తుంది. ఈయనకు చదువు ఎక్కువై చాదస్తం పట్టిందంటారు గిట్టనివాళ్లు. చదువు తక్కువైందనే నేనంటాను. సాయానికి కొన్న పుస్తకాలన్నీ తిరగేస్తాడు గానీ, ఏ పుస్తకం చదవడానికి ఆ సాయమో దాన్ని కుదురుగా రెండు పేజీలు చదవడు.

కాంకార్డెన్సు సంగతే చూడండి. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ తెచ్చింది గానీ, 1890లో జేమ్స్ స్ట్రాంగ్ తెచ్చింది గానీ, ఏ మాట ఏ వచనంలో ఉందో చూపే పట్టికలు. వాక్యంలో ఒక ముక్క గుర్తుండి చోటు మరిచిపోయినవాడికి అంతకు మించిన మేలు లేదు. అసలు చదవనివాడికి అది టెలిఫోన్ డైరెక్టరీ. మన బ్రదర్ ఆ డైరెక్టరీనే ఎర్ర పెన్నుతో అండర్‌లైన్ చేస్తాడు. కామెంటరీలదీ అదే కథ. రోమా పత్రిక తెరిచి, "మాథ్యూ హెన్రీగారు ఏమంటారంటే" అని గొంతు సవరించుకుంటాడు. హెన్రీగారు అపొస్తలుల కార్యముల దాకా రాసి 1714లో కన్నుమూశారు. రోమా నుంచి ప్రకటన దాకా ఇతర పాదిరీలు పూర్తి చేశారు. ఆరు వాల్యూములూ డబ్బు పోసి కొన్నవాడికి ఈ ముక్క తెలియకపోవడమే విడ్డూరం.

ఈ పుస్తకాలేవీ లేకపోతే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోరా అంటారేమో. చెప్పుకుంటూనే ఉన్నారు. కొత్త సంవత్సరం ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో యిర్మీయా 29:11 వచ్చినవాళ్లు వీసా చేతికొచ్చినట్టే సంబరపడతారు. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరంలోదనీ, అందులో 70 ఏళ్ల గడువు ఉందనీ మొహం మీద చెప్పే ధైర్యం సంఘం మొత్తానికి బ్రదర్ ఒక్కడికే ఉంది. ఆ మేలు ఒప్పుకోవాలి, కార్డు అందుకున్నవాళ్లు ఒప్పుకోకపోయినా. కానీ ఆ 70 ఏళ్లు ఉన్నది 10వ వచనంలో. చూపు ఒక్క అంగుళం పైకి జరిపితే కనబడేదానికి ఆయన మూడు వాల్యూములూ ఒక అట్లాసూ దించి, బబులోను గోడల మందం దాకా వివరించి, చివరికెప్పుడో అక్కడికి చేరతాడు.

తెలియజెప్పేవాడు లేకపోతే ఎలా తెలుస్తుందని అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడే అడిగాడు కదా అనొచ్చు. అడిగాడు. అయితే అప్పటికే అతను రథంలో యెషయా చదువుకుంటూ వస్తున్నాడు. ఎక్కడ అర్థం కాలేదో ఫిలిప్పుకు చూపించగలిగాడు. పని కాగానే ఫిలిప్పు కనబడకుండా పోయాడు, అతను సంతోషంగా తన దారిన పోయాడు. మన బ్రదర్ దొరికిన ఫిలిప్పులందర్నీ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు.

ఇంత చెప్పినా ఆయన దగ్గర ఇంకో అస్త్రం ఉంటుంది: 2 తిమోతి 4:13. చెరసాలలో ఉన్న పౌలంతటివాడే పుస్తకాలు తెప్పించుకోలేదా! తెప్పించుకున్నాడు. అంతకంటే ముందు అడిగింది త్రోయలో వదిలివచ్చిన అంగీ అనీ, చలికాలం రాకముందే రమ్మని కొద్ది వచనాల కింద బతిమాలుకున్నాడనీ మనం అనేలోపే బ్రదర్, ఆ అంగీ దాచిపెట్టిన కర్పు ఎవరన్న పరిశోధనలోకి దిగిపోతాడు. బైబిలు మొత్తంలో కర్పు పేరు వచ్చేది ఆ ఒక్క వచనంలోనే. బ్రదర్ నోట్సులో అతనికి నాలుగు పేజీలున్నాయి.