చందా కట్టిన పథ్యము

బరువు తగ్గగోరు విశాఖ నగరవాసికి ముప్పూటల మితాహారమును డబ్బాలలో బిగించి గుమ్మమునకే చేర్చు నెలవారీ చందా పథకములు వెలసినవి. మన్యపు గిరిజనుడు తరతరములుగా త్రాగుచున్న చోడి అంబలి, ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట, ఆంగ్లనామమును, ప్లాస్టిక్ మూతను, కేలరీల చీటీని ధరించి, సిరిపురమున ఐదవ అంతస్తునకు విచ్చేయుచున్నది. ఆ అంబలినే ఉదయమున ఆర్కే బీచి ఒడ్డున గ్లాసులలో పోసి అమ్ముదురు. కాని, అచటికి నడువవలెను గదా! డబ్బా రుచింపనివారు (రుచించుట అరుదని వినికిడి) రాత్రి పది గంటలకు అదే ఫోనున బిర్యానీ తెప్పించుకొనుటయు కలదు. లిఫ్టు తనబోటివారికి కాదనగా, రెండింటిని మోసికొని మెట్లెక్కు కుర్రవాడు మాత్రము నానాటికి సన్నబడుచున్నాడు. పథకము ఫలించినదనుటకు అతడొక్కడే సాక్ష్యము. చందా కట్టినది మాత్రము అతడు కాడు.